అడవిలో ఏది చెత్త?

వికారాబాదు, తాండూరు ప్రాంతపు పిల్లల్లో అనంతగిరి చూడనివాళ్ళు తక్కువే ఉంటారు. బడినుంచి వనభోజనాలకో, ఇంటివాళ్ళతో పద్మనాభస్వామి జాతరకో ఒక్కసారైనా వెళ్ళే ఉంటారు. హైదరాబాదు పిల్లలైతే ఏ ఆదివారమో కారులో వచ్చి, కొండ మలుపుల దగ్గర ఫొటోలు దిగి, మిర్చిబజ్జీలు తిని, సాయంత్రానికి తిరిగి వెళ్ళి ఉంటారు. అలా వెళ్ళినందుకు మిమ్మల్ని ఎవరైనా తప్పుపడితే ఒప్పుకోకండి. అడవిని చూసి సంతోషపడటం తప్పు కాదు. వానాకాలపు ఉదయం ఆ కొండమీద మబ్బు దిగివస్తుంటే చూసి ముచ్చటపడని పిల్లవాడికి, తరగతిగదిలో అడవుల పాఠం ఎంత చెప్పినా తలకెక్కదు. ఇన్నేళ్ళు సైన్సు పాఠాలు చెప్పినవాడిగా ఈ మాట ధైర్యంగా చెప్పగలను.

సంతోషపడిన తరువాత ఆ చోటుకు ఏదైనా మేలు చెయ్యాలని అనిపించడం సహజం. ఇటీవల సెలవురోజుల్లో గోనెసంచులు పట్టుకొని చెత్త ఏరడానికి వచ్చే విద్యార్థులు, ఉద్యోగస్థులు కనిపిస్తున్నారు. జీతం లేదు, మార్కులు లేవు, వాళ్ళంతట వాళ్ళే వస్తారు. చాలా మంచి పని. అయితే వారిలో కొందరు సీసాలు, ప్లాస్టిక్ సంచులతోపాటు ఎండుటాకుల్ని కూడా ఊడ్చి కుప్పలుపోసి నిప్పు పెడుతుంటారు. అడిగితే, "శుభ్రంగా కనిపిస్తోంది కదా సార్!" అంటారు. ఇక్కడే నాకు పేచీ. ఇల్లు ఊడ్చినట్టు అడవిని ఊడ్వకూడదు. ఎందుకో తెలియాలంటే ముందు ఈ కొండ ఎక్కడుందో చూద్దాం.

అనంతగిరి ఒక గట్టు. పొలాల మధ్య గట్టు నీళ్ళను అటూ ఇటూ పంచినట్టే ఈ కొండలు వానను రెండుగా పంచుతాయి. తూర్పుకు జారిన చినుకు మూసీనది అవుతుంది. అది గండిపేట, అంటే ఉస్మాన్‌సాగర్, చేరి, హైదరాబాదు నగరం మధ్యగా పారి, నల్లగొండ జిల్లా వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. పడమటికి జారిన చినుకు కాగ్నా నది అవుతుంది. తాండూరు పక్కగా పారి, కర్ణాటకలో ప్రవేశించి, ఒకప్పుడు రాష్ట్రకూటుల రాజధాని అయిన మల్‌ఖేడ్ మీదుగా వెళ్ళి భీమానదిలో పడుతుంది. భీమా కృష్ణలో కలుస్తుంది. ఆ నీరు జూరాల, శ్రీశైలం, నాగార్జునసాగర్ దాటి వచ్చి వాడపల్లి దగ్గర మళ్ళీ మూసీని కలుస్తుంది. ఒకే మబ్బునుంచి, ఒకే కొండమీద జానెడు దూరంలో పడిన రెండు చినుకులు ఇంత తిరుగుడు తిరిగి అక్కడ కలుసుకోవచ్చునన్నమాట! పటం తీసి ఈ రెండు దారులనూ రెండు రంగుల పెన్సిళ్ళతో గీసి చూడండి.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాదులో వేలమందిని పొట్టన పెట్టుకుంది. ఆ తరువాతే మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సలహామీద వరదను ఆపడానికి 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ కట్టారు. నగరం వాటి నీళ్ళే ఏళ్ళ తరబడి తాగింది. కాబట్టి మన కొండమీద పడే వాన ఎంత వేగంగా పరుగెత్తుతుంది, ఎంత నేలలోకి ఇంకుతుంది అన్న ప్రశ్న వికారాబాదు వాళ్ళకు మాత్రమే సంబంధించింది కాదు.

మరి ఆ వేగాన్ని తగ్గించేది ఏది? చెట్లు అని మీరు వెంటనే చెబుతారు. సగం మార్కులే ఇస్తాను. చెట్లు కూడా నీళ్ళు తాగుతాయి, ఆకులగుండా ఆవిరిగా వదులుతాయి. చెట్టు నాటితే చాలు, వాగు పారుతుందన్నది సగం నిజం. వానను నేలలోకి పంపేది చెట్టు కింద ఉన్న నేల.

అనంతగిరి పైన ఎర్రగా, తూట్లు తూట్లుగా కనిపించే రాయిని గమనించారా? దాన్ని లేటరైట్ అంటారు. సుమారు ఆరున్నర కోట్ల ఏళ్ళ కిందట దక్కను పీఠభూమి మీద పారిన లావా గడ్డకట్టి నల్లరాయి అయింది. ఆ నల్లరాయి వేడికీ వానకూ లక్షల ఏళ్ళు నాని, అందులోని ఇసుకపదార్థం కరిగి కొట్టుకుపోగా, ఇనుము, అల్యూమినియం ఆక్సైడులు మిగిలి ఈ ఎర్రరాయి తయారైంది. ఎరుపు ఇనుము తుప్పుది. తూట్లున్న రాయి కనుక నీళ్ళు దానిగుండా దిగిపోతాయి. కిందనున్న బంకమట్టి పొరను తగిలి, ఇక దిగలేక పక్కకు జరిగి, కొండ వాలులో ఎక్కడో ఒకచోట ఊటగా బయటపడతాయి. ఊటనే మనవాళ్ళు బుగ్గ అన్నారు. ఇక్కడి బుగ్గ రామలింగేశ్వరస్వామికి ఆ పేరు ఊరికే రాలేదు.

అయితే చినుకు ఈ రాతివరకూ చేరాలి కదా. ఎత్తునుంచి పడే చినుకుకు సుత్తిదెబ్బ వంటి బలం ఉంటుంది. ఉత్త నేలమీద పడితే మట్టికణాలను చెదరగొట్టి, సన్నని రంధ్రాలను పూడ్చేస్తుంది. నేల పైన పెంకు కట్టినట్టవుతుంది. తరువాత పడిన వాన ఇంకక, ఎర్రమట్టిని కలుపుకొని జారిపోతుంది. నేలమీద ఎండుటాకుల దుప్పటి ఉంటే దెబ్బ దానిమీద పడుతుంది. చినుకు మెల్లగా కిందికి దిగుతుంది. ఆకుల కింద చల్లగా, తడిగా ఉంటుంది కనుక వానపాములు, చెదలు, శిలీంధ్రాలు, కంటికి కనిపించని సూక్ష్మజీవులు అక్కడ కాపురముంటాయి. ఆకును తిని ఎరువు చేస్తాయి, నేలకు తూట్లు పెడతాయి. జీతం తీసుకోకుండా అడవికి సేవ చేసేవాళ్ళలో అసలు మొదటివరస వాళ్ళది.

ఆరుద్రపురుగు సంగతే చూడండి. జూను చివర ఆరుద్ర కార్తె వచ్చి నాలుగు చినుకులు పడగానే ఎర్ర ముఖమల్ బట్ట కప్పుకున్నట్టు నేలమీద నడుస్తుంది కదా. రైతులు దాన్ని చూసి విత్తనాల కాలం వచ్చిందనుకుంటారు. పేరుకు పురుగే కాని అది కీటకం కాదు. ఎనిమిది కాళ్ళుంటాయి, లెక్కపెట్టండి. సాలెపురుగు, తేలు దాని చుట్టాలు. మిగతా ఏడాదంతా అది మట్టిలో, ఆకుల కింద దాక్కొనే బతుకుతుంది. వేసవిలో ఆకులకు నిప్పుపెట్టిన చోట జూనులో దాన్ని వెదికితే ఎక్కడ దొరుకుతుంది?

నా మాట నమ్మనక్కరలేదు, పరీక్ష చేసి చూడండి. ఒక ఖాళీ పాలపొడి డబ్బా తీసుకొని పెద్దలచేత అడుగుభాగం కోయించండి. రెండు వైపులా తెరిచి ఉన్న గొట్టం అవుతుంది. జనం నడిచి గట్టిపడిన బాటమీద దాన్ని రెండు వేళ్ళ లోతు దిగేట్టు నేలలో గుచ్చి, అర లీటరు నీళ్ళు పోసి, మొత్తం ఇంకడానికి ఎన్ని నిమిషాలు పడుతుందో గడియారం చూసి రాసుకోండి. తరువాత అదే డబ్బాను ఎవరూ తొక్కని చెట్టుకింద, ఆకులను మెల్లగా పక్కకు జరిపి గుచ్చి, అవే అర లీటరు నీళ్ళు పోయండి. పని అయ్యాక ఆకులు మళ్ళీ కప్పెయ్యండి. రెండు పరీక్షలూ ఒకేరోజు చెయ్యాలి. ఎందుకో మీరే ఆలోచించండి. ఇంకొక చిన్న లెక్క కూడా ఉంది. ఒక ఎకరం నేలమీద ఒక్క సెంటీమీటరు వాన పడితే అది దాదాపు 40 వేల లీటర్ల నీరు. ఒక ఎకరం మెత్తని అడవినేల ఒక చిన్న జల్లుకు ఎంత దాచుకోగలదో దీన్నిబట్టి అంచనా కట్టవచ్చు.

ఇప్పుడు చెప్పండి, అడవిలో ఏది చెత్త? ఆకు కుళ్ళి మట్టి అవుతుంది. ప్లాస్టిక్ సంచి కుళ్ళదు. అది కర్బన పరమాణువుల పొడవైన గొలుసు. ఆ గొలుసును తెంపి తినే విద్య అడవిలోని సూక్ష్మజీవులకు పెద్దగా అబ్బలేదు. ఎండకు పెళుసై ముక్కలవుతుంది, ఆ ముక్కలు ఇంకా చిన్న ముక్కలవుతాయి, చివరికి వాగులో పడి మూసీకో కాగ్నాకో చేరతాయి. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువులెన్నిటినో 2022 జులై 1 నుంచి దేశమంతటా నిషేధించారు. కొండమీద మాత్రం వాటికి కొదవ లేదు. పగిలిన గాజుసీసా అంతకన్నా చెడ్డది, నెమలి కాలూ, మేకల కాపరి కాలూ రెండూ కోసుకుపోతాయి. కాబట్టి సంచి నిండా ఏరండి. ఆకుల జోలికి మాత్రం పోకండి. విరిగిపడిన మోడును కూడా అక్కడే ఉండనివ్వండి, అందులో ఎన్నో జీవుల ఇళ్ళున్నాయి. కోతులకు అరటిపండ్లు, బిస్కెట్లు పెట్టేవాళ్ళు తాము పుణ్యం చేస్తున్నామనుకుంటారు. అడవిలో కాయలు వెదుక్కోవడం మానేసి రోడ్డుమీద కార్లకోసం ఎదురుచూసే కోతి బండికింద పడి చస్తుంది, లేదా ఊరిమీద పడుతుంది.

మొక్కలు నాటే ఉత్సవాల గురించి కూడా ఒక మాట చెప్పాలి. మనదేశంలో వనమహోత్సవం 1950లో మొదలైంది, మన రాష్ట్రంలో హరితహారం 2015లో. లక్షల మొక్కలు నాటారు, మంచిదే. కాని నాటినరోజు వచ్చే జనంలో పదోవంతు మంది ఏప్రిల్ ఎండలో బిందె పట్టుకొని వస్తే చాలునని నాకెప్పుడూ అనిపిస్తుంది. ఇక అడవి లోపలైతే నాటవలసిన అవసరమే చాలాచోట్ల లేదు. నరికిన టేకు, మోదుగ, తునికి మొదళ్ళనుంచి తామే చిగురిస్తాయి. నిప్పు తగలకుండా, పశువులు మితిమీరి మేయకుండా నాలుగేళ్ళు కాస్తే చాలు. ఆ కాపలా ఫొటోలో కనిపించదు, అందుకే దానికి జనం తక్కువ.

ఏరడం, కాయడం తరువాత నా దృష్టిలో అన్నిటికంటే విలువైన సేవ ఇంకొకటుంది. అది లెక్క రాయడం. ఇదేమి సేవ అనుకుంటారేమో. మన ప్రాంతంలోనే రెండు ఉదాహరణలున్నాయి.

తాండూరు, వికారాబాదునుంచి హైదరాబాదుకు బస్సులో వెళ్ళేవాళ్ళకు చేవెళ్ళ దగ్గర రోడ్డుకు రెండువైపులా గొడుగులు పట్టిన పెద్ద మర్రిచెట్లు తెలుసు. బీజాపూరు రహదారిని వెడల్పు చెయ్యాలన్నప్పుడు వాటిని కొట్టెయ్యాలన్న ప్రతిపాదన వచ్చింది. అప్పుడు ప్రకృతిమీద ప్రేమ ఉన్న మామూలు మనుషులు, సెలవురోజుల్లో వచ్చి, ఒక్కొక్క మర్రినీ లెక్కపెట్టి, ఎక్కడుందో గుర్తించి పట్టిక తయారుచేశారు. దాదాపు తొమ్మిది వందల మర్రులు తేలాయి. ఆ పట్టికతోనే జాతీయ హరిత ట్రిబ్యునల్ ముందు మాట్లాడగలిగారు. ఇంతలో 2025 నవంబరు 3న చేవెళ్ళ దగ్గర మీర్జాగూడ వద్ద తాండూరునుంచి వెళ్తున్న ఆర్టీసీ బస్సు, కంకర టిప్పరు ఢీకొని మన ప్రాంతం వాళ్ళెందరో ప్రాణాలు పోగొట్టుకున్నారు. రోడ్డు వెడల్పు కావాలి, ఆ విషయంలో రెండో మాట లేదు. చెట్లవల్లే ఆలస్యమైందని కోపగించుకున్నవాళ్ళ బాధ నాకు అర్థమవుతుంది. కాని ఒకటి గమనించండి. ప్రతి చెట్టుకూ లెక్క ఉంటేనే ఏది దారికి అడ్డం, ఏది పక్కకు మార్చి నాటవచ్చు, ఎక్కడ రోడ్డును కాస్త జరపవచ్చు అని ఒక్కొక్క చెట్టునూ పట్టి మాట్లాడటం సాధ్యం. లెక్క లేకపోతే మిగిలేవి రెండే మాటలు, "అన్నీ కొట్టెయ్యండి", "ఒక్కటీ ముట్టకండి". ఆ రెండు మాటల పోట్లాటలో ఏళ్ళు గడిచిపోతాయి, రోడ్డూ రాదు.

రెండవది దామగుండం. పూడూరు మండలంలోని ఆ రిజర్వు అడవిలో సుమారు 2,900 ఎకరాలను నౌకాదళంవారి రేడియో కేంద్రానికి ఇచ్చారు. 2024 అక్టోబరు 15న శంకుస్థాపన జరిగింది. అతి తక్కువ పౌనఃపున్యం గల రేడియో తరంగాలు సముద్రపు నీటిలోకి కొంత లోతు చొచ్చుకుపోగలవు, కనుక నీటిలో మునిగి ఉన్న జలాంతర్గాములకు కబురు పంపడానికి అవి కావాలి. దేశరక్షణ అవసరమే. ఆ అడవి మూసీకి నీళ్ళిచ్చే అడవి అన్నదీ నిజమే. నన్ను బాధించినది మరొకటి. అక్కడ పోయే చెట్లెన్ని అన్న ప్రశ్నకు అధికారులు ఒక సంఖ్య, ఉద్యమం చేసినవాళ్ళు ఇంకొక సంఖ్య చెప్పారు. రెంటికీ లక్షల్లో తేడా! చుట్టుపక్కల బడులన్నీ పదేళ్ళుగా తలా ఒక ఎకరం చొప్పున చెట్లనూ పక్షులనూ ఊటలనూ లెక్కరాసి ఉంచితే, మూడవ పక్షంగా ఆ నోటుపుస్తకాలు నిలబడేవి. నిర్ణయం మారేదో లేదో వేరే సంగతి.

పిల్లలు రాసిన లెక్కకు విలువేముంటుంది అనకండి. ఇంగ్లండులో రాబర్ట్ మార్షమ్ అనే ఆయన 1736నుంచి తన తోటలో ఏ చెట్టు ఎప్పుడు చిగురించింది, ఏ పక్షి ఎప్పుడు వచ్చింది అని ఏటా తేదీలు రాసిపెట్టాడు. ఆయన తరువాత ఆ ఇంటివాళ్ళు 1958దాకా కొనసాగించారు. శీతోష్ణస్థితి మారుతున్న తీరును పరిశీలించే శాస్త్రవేత్తలకు ఈనాడు ఆ పుస్తకం నిధివంటిది. మనదేశంలో 2010నుంచి సీజన్‌వాచ్ అనే కార్యక్రమంలో బడిపిల్లలు వారానికోసారి ఒకే చెట్టును చూసి, చిగురు, పూత, కాత రాసి పంపుతున్నారు. మన దగ్గర మోదుగ ఎప్పుడు ఎర్రబడింది, రేల ఎప్పుడు పసుపుగుత్తులు వేసింది, సీతాఫలం ఎప్పుడు కన్ను విడిచింది, ఆరుద్రపురుగు మొదట ఏ తేదీన కనబడింది, ఇవి రాయడానికి ఏ పరికరం కావాలి? మీ తాతనో, తండాలో పెద్దమనిషినో అడిగితే వాళ్ళ చిన్ననాటి సంగతులు చెబుతారు. అవీ పక్కన రాసుకోండి.

తాండూరు పిల్లలకు ఒక సందేహం వస్తుంది. మాకు కొండ నలభై కిలోమీటర్ల దూరం కదా అని. 2020 ప్రాంతంలో మన రాష్ట్రపు పల్లెల్లో పల్లె ప్రకృతి వనాలు వేశారు. కొన్ని పచ్చగా ఉన్నాయి, కొన్నిటికి బోర్డు మాత్రం మిగిలింది. మీ ఊళ్ళో ఉన్నది ఏ రకమో చూసి, ఎన్ని మొక్కలు బతికాయో లెక్కపెట్టి సర్పంచుగారికి చూపించండి. తాండూరులో ఇంకొక చక్కని పని చెయ్యవచ్చు. నాపరాయి కోసే, సానపట్టే చోట్ల తెల్లటి దుమ్ము లేచి ఆకులమీద పేరుకుంటుంది. దానివల్ల ఆకుకు వెలుతురు తగ్గుతుంది, పత్రరంధ్రాలు పూడుకుంటాయి. ఒక జిగురు టేపు ముక్కను ఆకుమీద అంటించి తీసి, నల్లకాగితం మీద అతికించండి. రోడ్డుపక్క వేపాకుది ఒకటి, బడి వెనక వేపాకుది ఒకటి, చెరువుగట్టుది ఒకటి. పక్కపక్కన పెడితే తేడా తెలుస్తుంది. ఆ దుమ్ము రాతిదో కాదో తెలియాలంటే చిటికెడు దులిపి దానిమీద నిమ్మరసం చుక్క వెయ్యండి. నాపరాయి సున్నపురాయి జాతిది కనుక నురగ వస్తుంది. కోట్ల ఏళ్ళనాటి సముద్రపు అడుగుబురద అది, మన అనంతగిరి లావాకంటే ఎంతో పాతది.

పార్కుల్లో, బడి ఆవరణల్లో వయ్యారిభామ మొక్కను పీకడం కూడా మంచి సేవే. కాని పూత రాకముందే పీకాలి, చేతులకు తొడుగులు, ముక్కుకు గుడ్డ ఉండాలి. దానివల్ల కొందరికి చర్మం దురదపెడుతుంది, ఆయాసం వస్తుంది. బయటి దేశంనుంచి వచ్చిన ఆ కలుపును తినడానికి 1984లో మెక్సికోనుంచి ఒక పెంకుపురుగును తెచ్చి బెంగుళూరులో వదిలారు. ఆకులమీద గోధుమరంగు చారలున్న తెల్లని చిన్న పెంకుపురుగు కనిపిస్తే దాన్ని చంపకండి.

అడవిలోకి ఒంటరిగా వెళ్ళకూడదు. అది రిజర్వు అడవి, అటవీశాఖవారి అనుమతి కావాలి. బడిలో జాతీయ హరితదళం ఉంటే మీ ఉపాధ్యాయులద్వారా రేంజి అధికారిగారికి ఉత్తరం రాయించండి. సాధారణంగా కాదనరు, తోడుగా ఒక బీటు అధికారిని పంపితే ఇంకా మంచిది, ఆయనకు తెలిసిన చెట్ల పేర్లు మన పాఠ్యపుస్తకంలో లేవు. పర్యావరణాన్ని కాపాడటం పౌరుల ప్రాథమిక విధి అని 1976లో రాజ్యాంగంలో చేర్చారు. ఆ ఉత్తరంలో ఆ సంగతి ఒక వాక్యంగా రాసినా తప్పులేదు. ఏటా ఒకే చోటికి వెళ్ళండి, ఏడాదికి నాలుగుసార్లు వెళ్ళగలిగితే మరీ మంచిది. పది చోట్లు ఒక్కోసారి చూసిన నోటుపుస్తకం పెద్దగా పనికిరాదు.

డబ్బా ప్రయోగం చేసినవాళ్ళు ఫలితాలను పత్రికకు రాసి పంపండి. బాటమీద ఎన్ని నిమిషాలు, చెట్టుకింద ఎన్ని నిమిషాలు, ఏ ఊరు, ఏ చెట్టు, ముందురోజు వాన పడిందా లేదా, ఇవన్నీ ఉండాలి. చెట్టు పేరు తెలియకపోతే ఒక ఆకును పాత వార్తాపత్రికలో నొక్కి, ఆరబెట్టి, ఉత్తరంతోపాటు పంపండి.